తిండిలోని పదార్థాలు కణాల ముసలితనాన్ని తగ్గిస్తాయా? ఎంతవరకు తేలింది, ఎక్కడ ఆగింది

రెస్వెరట్రాల్, స్పెర్మిడిన్, ఫిసెటిన్, యూరోలిథిన్. కొన్నేళ్ల కిందటి దాకా ఈ పేర్లు ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియవు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, వీటిలో ఏదో ఒకటి కణాల స్థాయిలో వయసును వెనక్కి తిప్పేస్తుందని ఒకాయన చెప్తుంటాడు, ఆ వీడియో కిందే ఇంకొకాయన ఇదంతా డబ్బులు దండుకునే పని, నమ్మకండి అంటుంటాడు. ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. కణం లోపల జరిగే పని కట్టుకథేం కాదు, నోబెల్ బహుమతి దాకా వెళ్లిన పరిశోధన అందులో ఉంది. కానీ గాజు గిన్నెలో పెంచిన కణం నుంచి నిండు మనిషి దాకా రావాలంటే మధ్యలో ఈస్ట్, పురుగు, ఈగ, ఎలుక అని చాలా మెట్లున్నాయి, ఒక్కో పదార్థం ఒక్కో మెట్టు దగ్గర ఆగిపోయింది. ఏది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో చూస్తేనే ఈ గందరగోళం కాస్త విడిపోతుంది.

కణం ముసలిదైతే లోపల ఏం జరుగుతుంది

1961లో లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి కణాలను ల్యాబ్‌లో పెంచుతూ ఒక సంగతి గమనించారు. అవి సుమారు 40 నుంచి 60 సార్లు విభజన చెంది, ఆ తర్వాత ఆగిపోతున్నాయి. చచ్చిపోవడం లేదు, విభజన మాత్రం మానేస్తున్నాయి. అప్పటిదాకా కణాలకు చావు లేదని, ఎన్నిసార్లయినా విభజన చెందుతూనే ఉంటాయని గట్టి నమ్మకం ఉండేది.

ఇలా విభజన ఆపేసిన కణాలను ఇప్పుడు సెనెసెంట్ కణాలంటున్నారు. ఊరికే ఒక మూల కూర్చుంటే పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. కానీ ఇవి వాపును, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే రసాయనాలను చుట్టూ వదులుతుంటాయి, దాంతో పక్కనున్న మంచి కణాలు కూడా దెబ్బతింటాయి. వయసులో ఉన్నప్పుడు రోగనిరోధక వ్యవస్థ వీటిని ఎప్పటికప్పుడు ఏరేస్తుంది. వయసు పైబడేకొద్దీ ఆ ఏరివేత మందగించి ఇవి పేరుకుపోతాయి.

ముసలితనానికి ఇదొక్కటే కారణం కాదు. 2013లో ఒక శాస్త్రవేత్తల బృందం వృద్ధాప్యానికి తొమ్మిది లక్షణాలను గుర్తించి జాబితా చేస్తే, 2023 నాటికి అదే బృందం దాన్ని పన్నెండుకు పెంచింది. డీఎన్ఏ దెబ్బతినడం, క్రోమోజోముల చివరలుండే టెలోమియర్లు అరిగిపోవడం, పేగుల్లోని బ్యాక్టీరియా తీరు మారడం, ఇలా చాలా ఉన్నాయి. తిండి గురించి మాట్లాడేటప్పుడు మనకు ముఖ్యంగా కావలసినవి నాలుగు. మొదటిది ఇప్పుడు చెప్పుకున్న సెనెసెంట్ కణాల సంగతి. రెండోది ఆటోఫజీ, అంటే కణం తనలో పాడైన ప్రొటీన్లను, భాగాలను తానే విడగొట్టి మళ్లీ వాడుకునే పద్ధతి. ఇది ఎలా పనిచేస్తుందో ఈస్ట్‌లో కనిపెట్టినందుకే జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమీకి 2016లో నోబెల్ వచ్చింది. మూడోది మైటోకాండ్రియా, కణానికి శక్తిని తయారుచేసి ఇచ్చే భాగాలు, వయసుతో పాటు వీటి పని పడిపోతుంది. నాలుగోది, తిండి పుష్కలంగా ఉందా కరువుగా ఉందా అని కణం పసిగట్టే ఏర్పాటు. అసలు కథ మొదలైంది ఈ నాలుగోదాని దగ్గరే.

తక్కువ తింటే ఎక్కువ బతకడం అనే పాత సంగతి

1935లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే, ఆయన సహచరులు ఎలుకలకు పోషకాలు తగ్గకుండా కేలరీలు మాత్రం బాగా తగ్గించి తిండి పెట్టారు. అవి కడుపునిండా తిన్న ఎలుకల కంటే ఎక్కువ కాలం బతికాయి. ఆ తర్వాత ఈస్ట్‌లో, పురుగుల్లో, ఈగల్లో కూడా ఇదే తీరు కనిపించింది. కోతుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. అమెరికాలోనే రెండు చోట్ల ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాల్లో ఒకటి 2009లో లాభం కనిపిస్తోందంది, రెండోది 2012లో ఆయుష్షులో తేడా ఏమీ లేదంది. రెండు చోట్లా కోతులకు పెట్టిన మేతలో, మేత తగ్గించని కోతులు ఎంత తిన్నాయన్నదానిలో తేడాలుండటమే ఇందుకు చాలావరకు కారణమని తర్వాత తేలింది.

ఎందుకిలా జరుగుతుంది? తిండి దండిగా ఉన్నప్పుడు ఎంటార్ అనే ప్రొటీన్ చురుగ్గా ఉండి, పెరుగు, విభజన చెందు అని కణాన్ని తోస్తుంది. తిండి తగ్గితే ఎంటార్ నెమ్మదిస్తుంది, ఏఎంపీకే అనే ఇంకో ప్రొటీన్ మేలుకుంటుంది, సిర్టుయిన్లు అనే ఎంజైముల పని పెరుగుతుంది. అప్పుడు కణం పెరుగుదల పక్కనపెట్టి మరమ్మతు పని చూసుకుంటుంది, ఆటోఫజీ పుంజుకుంటుంది.

ఇక్కడే ఒక ఆశ పుట్టింది. జీవితాంతం అర్ధాకలితో ఎవరుంటారు? కడుపు మాడ్చుకోకుండానే ఈ మరమ్మతు వ్యవస్థను మేలుకొలిపే పదార్థం ఏదైనా మొక్కల్లో దొరికితే? ఈ వ్యాసంలో వచ్చే చాలా పదార్థాల వెనకున్న ఆలోచన ఇదే.

రెస్వెరట్రాల్: అందరికంటే ముందు పరిగెత్తినది

ద్రాక్ష తొక్కలో ఉండే ఈ పదార్థం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చినవాటన్నిటికీ దాదాపు ఇదే దారి.

2003లో డేవిడ్ సింక్లెయిర్, కాన్రాడ్ హోవిట్జ్ తదితరులు రెస్వెరట్రాల్ ఇచ్చిన ఈస్ట్ కణాల ఆయుష్షు 70 శాతం దాకా పెరిగిందని, అది సిర్టుయిన్ల వల్లేనని ప్రకటించారు. 2006లో ఎలుకల ఫలితం వచ్చింది. బాగా కొవ్వున్న మేత తిని లావెక్కిన ఎలుకలకు దీన్ని ఇస్తే, లావు తగ్గకపోయినా, ఇవ్వని వాటికంటే ఎక్కువ కాలం బతికాయి. ప్రపంచమంతా వార్త. 2008లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ సంస్థ ఈ పరిశోధన మీద పుట్టిన సర్‌ట్రిస్ అనే చిన్న కంపెనీని 72 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడటం మొదలైంది. మామూలు మేత తిన్న ఎలుకల్లో ఆరోగ్యం కొంత బాగుపడింది గానీ ఆయుష్షు పెరగలేదని 2008లో తేలింది. 2010లో ఫైజర్ శాస్త్రవేత్తలు, రెస్వెరట్రాల్ సిర్టుయిన్‌ను నేరుగా ప్రేరేపించడం లేదని, పరీక్షలో వాడిన మెరిసే రంగు పదార్థం వల్ల అలా కనిపిస్తోందని అన్నారు. సింక్లెయిర్ బృందం ఊరుకోలేదు. 2013లో ఆ ఎంజైమ్‌లో ఏ చోట మార్పు చేస్తే ప్రేరణ ఆగిపోతుందో చూపించి, ప్రభావం నిజమేనని వాదించింది. ఆ గొడవ ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. అదే ఏడాది గ్లాక్సో మాత్రం సర్‌ట్రిస్ ఆఫీసు మూసేసింది.

అమెరికాలో ఎన్ఐఏ అనే ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ నడిపే ఒక కార్యక్రమం ఉంది, క్లుప్తంగా ఐటీపీ అంటారు. ఒకే పదార్థాన్ని మూడు వేర్వేరు ల్యాబుల్లో, జన్యువుల పరంగా వైవిధ్యమున్న ఎలుకల మీద ఒకేసారి పరీక్షిస్తారు, కాబట్టి ఒక ల్యాబ్‌లో పొరపాటున మంచి ఫలితం వచ్చినా ఇక్కడ దొరికిపోతుంది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికంటే నమ్మదగిన జల్లెడ ఇదే. ఆ జల్లెడలో రెస్వెరట్రాల్ నిలవలేదు. పసుపులోని కర్కుమిన్, గ్రీన్ టీ సారం కూడా నిలవలేదు.

మనుషుల సంగతికొస్తే, ఇటలీలో కియాంటి ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 783 మందిని తొమ్మిదేళ్ల పాటు గమనించారు. వాళ్ల మూత్రంలో రెస్వెరట్రాల్ తాలూకు పదార్థాలు ఎంతున్నాయో కొలిచి, ఎక్కువున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారా అని చూశారు. 2014లో వచ్చిన ఫలితం ప్రకారం మరణాల్లోనూ, గుండెజబ్బుల్లోనూ, క్యాన్సర్‌లోనూ ఏ తేడా లేదు.

మోతాదు లెక్క ఒకసారి వేసి చూద్దాం

2006 ప్రయోగంలో ఎలుకకు రోజుకు కిలో బరువుకు 22.4 మిల్లీగ్రాముల రెస్వెరట్రాల్ ఇచ్చారు. 60 కిలోల మనిషికి దాన్ని నేరుగా గుణిస్తే 1,344 మిల్లీగ్రాములవుతుంది. అయితే చిన్న జంతువుల్లో జీవక్రియ వేగం ఎక్కువ కాబట్టి మందుల శాస్త్రంలో అలా నేరుగా గుణించరు, ఎలుక మోతాదును సుమారు 12తో భాగిస్తారు. అలా చేసినా 110 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. రెడ్ వైన్ లీటరుకు ఉండేది మిల్లీగ్రాముల్లోనే, 2 అనుకుందాం. అంటే రోజుకు 55 లీటర్లు. వైన్ తాగేవాళ్ల ఆరోగ్య రహస్యం రెస్వెరట్రాల్ అన్న ప్రచారం ఈ ఒక్క లెక్క దగ్గరే ఆగిపోవాలి నిజానికి.

పోనీ క్యాప్సూల్ వేసుకుంటే? నోటి ద్వారా ఇచ్చిన రెస్వెరట్రాల్‌లో 70 శాతం పేగుల నుంచి లోపలికి వెళ్తుంది, కానీ పేగు గోడ, కాలేయం కలిసి దాన్ని అప్పటికప్పుడు వేరే రూపాల్లోకి మార్చేస్తాయి. అసలు రూపంలో రక్తంలో మిగిలేది లేశమాత్రం. ల్యాబ్‌లో కణాల మీద నేరుగా పోసినప్పుడు కనిపించిన ఫలితం ఒంట్లో కనిపించకపోవడానికి ఇదొక పెద్ద కారణం. మారిన రూపాలు కూడా ఏదో పని చేస్తుండవచ్చని కొందరి వాదన, దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

యాంటీఆక్సిడెంట్ అనే మాట ఎందుకు పాతబడింది

1956లో డెన్‌హమ్ హార్మన్ ఒక సిద్ధాంతం చెప్పాడు. కణంలో శక్తి తయారయ్యేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుట్టి కణాన్ని దెబ్బతీస్తాయని, ముసలితనం అంటే ఆ దెబ్బలన్నీ పోగవడమేనని. వినడానికి సబబుగానే ఉంది, కాబట్టి వాటిని అడ్డుకునే యాంటీఆక్సిడెంట్లు ఎంత మింగితే అంత మంచిదని అందరూ అనుకున్నారు.

ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందితో చేసిన ట్రయల్ ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది, అవును, పెరిగింది. అమెరికాలో అలాంటిదే ఇంకో ట్రయల్‌ను 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, అక్కడ 28 శాతం పెరుగుదల. 2009లో జర్మనీ పరిశోధకులు ఇంకో చిత్రం చూశారు. వ్యాయామం చేసే యువకులకు రోజూ వెయ్యి మిల్లీగ్రాముల విటమిన్ సి, దాంతోపాటు విటమిన్ ఇ ఇస్తే, వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో రావలసిన మెరుగుదల రాలేదు. వేసుకోనివాళ్లలో మాత్రం చక్కగా వచ్చింది.

అర్థమేంటంటే ఆ కాస్త ఒత్తిడి కణానికి అవసరం. ఫ్రీ రాడికల్స్ కొద్దిగా పెరిగితే కణం దాన్ని హెచ్చరికగా తీసుకుని సొంత రక్షణ వ్యవస్థను పెంచుకుంటుంది. ఆ హెచ్చరికను మాత్రతో నొక్కేస్తే రక్షణా పెరగదు. కొద్దిపాటి దెబ్బ మేలుచేయడాన్ని హార్మెసిస్ అంటారు. మొక్కల్లోని చాలా పదార్థాలు పనిచేసేది కూడా ఈ దారిలోనే కావచ్చని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. ఎందుకంటే ఆ మొక్క వాటిని తయారుచేసుకునేది మన ఆరోగ్యం కోసం కాదు కదా, తనను తినే పురుగులకు చేదుగా, విషంగా ఉండాలని.

బ్రకోలీలోని సల్ఫోరాఫేన్ ఇందుకు మంచి ఉదాహరణ. 1992లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ టలాలే బృందం దీన్ని బ్రకోలీ నుంచి వేరుచేసింది. చిత్రమేంటంటే కోయని బ్రకోలీలో సల్ఫోరాఫేన్ దాదాపు ఉండదు. దాని మూలపదార్థం ఒక చోట, దాన్ని మార్చే మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకో చోట విడివిడిగా ఉంటాయి. పురుగు కొరికినా, మనం కత్తితో తరిగినా, పంటితో నమిలినా ఆ గోడలు తెగి రెండూ కలుస్తాయి, అప్పుడు పుడుతుంది ఘాటైన సల్ఫోరాఫేన్. బాగా ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, కాబట్టి తరిగిన వెంటనే పొయ్యి మీద పెట్టిన బ్రకోలీలో ఇది చాలా తక్కువగా తయారవుతుంది. ముందే తరిగి కాసేపు వదిలేసినా, ఉడికాక ఆవపిండి చల్లినా దిగుబడి పెరుగుతుందని ప్రయోగాల్లో చూశారు, ఆవాల్లో కూడా అదే ఎంజైమ్ ఉంటుంది మరి. ఒంట్లోకి వెళ్లాక ఇది ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్‌ను విడుదల చేయిస్తుంది, అది కణకేంద్రకంలోకి వెళ్లి రక్షణకు సంబంధించిన జన్యువులను నడిపిస్తుంది. ఇంత వివరంగా తెలిసిన పదార్థం ఇంకోటి దొరకడం కష్టం. అయినా ఇది మనిషి ముసలితనాన్ని నెమ్మదింపజేస్తుందని చూపిన ట్రయల్ లేదు.

ముసలి కణాలను ఏరేసే ఫిసెటిన్

ఇక్కడ ఆలోచన వేరు. కణాన్ని బాగుచేయడం మాట అటుంచి, పాడైన సెనెసెంట్ కణాలనే చంపేస్తే? అలా చంపే పదార్థాలను సెనోలిటిక్స్ అంటారు. 2015లో దసాటినిబ్ అనే క్యాన్సర్ మందును, ఉల్లిపాయల్లోనూ ఆపిల్స్‌లోనూ ఉండే క్వెర్సెటిన్‌ను కలిపి ఎలుకలకు ఇచ్చి ఇది సాధ్యమేనని చూపించారు. 2018లో ఫ్లేవనాయిడ్లనే మొక్కల పదార్థాలను పదింటిని పోల్చి చూస్తే ఫిసెటిన్ అన్నిటికంటే బాగా పనిచేసింది, వయసు మళ్లాక మొదలుపెట్టినా ఎలుకల ఆయుష్షు పెరిగింది. ఫిసెటిన్ స్ట్రాబెర్రీల్లో ఎక్కువ. ఇంకేం, మర్నాటి నుంచి స్ట్రాబెర్రీ తింటే యవ్వనం అని శీర్షికలు.

మనుషుల ట్రయల్స్‌లో వాడుతున్న మోతాదు కిలో బరువుకు రోజుకు 20 మిల్లీగ్రాములు, వరుసగా రెండు రోజులు. 60 కిలోల మనిషికి 1,200 మిల్లీగ్రాములన్నమాట. ఒక గ్రాము స్ట్రాబెర్రీలో ఉండేది సుమారు 0.16 మిల్లీగ్రాములు. భాగిస్తే ఏడున్నర కిలోలు, ఒక రోజుకి. మర్నాడు మళ్లీ ఏడున్నర కిలోలు. కాబట్టి ఫిసెటిన్ పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న వేరు, స్ట్రాబెర్రీ పనిచేస్తుందా అన్న ప్రశ్న వేరు. క్యాప్సూల్‌లో ఉన్నది మందు మోతాదే, పండు బొమ్మ వేసినంత మాత్రాన అది పండు అయిపోదు.

ఐటీపీ జల్లెడలో ఫిసెటిన్ కూడా ఆయుష్షు పెంచలేదు. వాళ్లిచ్చిన మోతాదు, ఇచ్చిన విధానం వేరని ఫిసెటిన్ పక్షం వాళ్లు అంటున్నారు, అందులో కొంత న్యాయం ఉంది. విచిత్రంగా అదే విడతలో, సాల్మన్ చేపకు ఆ గులాబీ రంగు తెచ్చే అస్టాజాంతిన్ మగ ఎలుకల ఆయుష్షును 12 శాతం పెంచింది, ఆడవాటిలో మాత్రం ఏమీ లేదు. అంతకుముందు 2019లో గ్లైసిన్ అనే మామూలు అమైనో ఆమ్లం మగ, ఆడ రెండింటిలోనూ 4 నుంచి 6 శాతం పెంచింది. అంటే తిండిలోంచి వచ్చేవన్నీ ఈ జల్లెడలో పోయాయని కూడా అనలేం.

స్పెర్మిడిన్: జనాభా లెక్క ఒకటి చెప్తే ట్రయల్ ఇంకోటి చెప్పింది

గోధుమ గింజలోని మొలక భాగం, సోయా, పుట్టగొడుగులు, బాగా మాగిన చీజ్, వీటిలో స్పెర్మిడిన్ ఎక్కువ. మన కణాలు, పేగుల్లోని బ్యాక్టీరియా కూడా దీన్ని తయారుచేస్తాయి. ఇది ఆటోఫజీని పెంచి ఈస్ట్, ఈగలు, పురుగుల ఆయుష్షును పెంచుతుందని 2009లో, ఎలుకల్లో గుండెకు కూడా మేలు చేస్తుందని 2016లో తేలింది. ఇటలీలోని బ్రునెక్ పట్టణంలో 829 మందిని ఇరవై ఏళ్లు గమనిస్తే, తిండి ద్వారా స్పెర్మిడిన్ ఎక్కువ అందినవాళ్లలో మరణాలు తక్కువ. ఎక్కువ తిన్నవాళ్లకు, తక్కువ తిన్నవాళ్లకు మధ్య తేడా దాదాపు 5.7 ఏళ్ల వయసు తేడాతో సమానమని 2018లో లెక్కగట్టారు.

ఇలాంటి లెక్కల్లో ఒక చిక్కుంది. స్పెర్మిడిన్ ఎక్కువగా తినేవాళ్లంటే ముడిధాన్యం, కూరగాయలు ఎక్కువగా తినేవాళ్లే. మరి మేలు చేసింది స్పెర్మిడినా, పీచా, మొత్తం అలవాటా? పరిశోధకులు లెక్కల్లో వీటిని సర్దే ప్రయత్నం చేశారు, పూర్తిగా సర్దడం ఎవరివల్లా కాదు.

తేల్చడానికి ట్రయల్ కావాలి. జర్మనీలో మతిమరుపు మొదలవుతోందని అనిపిస్తున్న 100 మంది పెద్దవాళ్లకు ఏడాది పాటు, సగం మందికి రోజుకు 0.9 మిల్లీగ్రాముల స్పెర్మిడిన్, సగం మందికి ప్లేసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. జ్ఞాపకశక్తిలో తేడా లేదని 2022లో తేలింది. అయితే మోతాదు మరీ తక్కువ, మామూలుగా తిండిలో వచ్చేదానికి పదో వంతు ప్రాంతంలోనే అదనం అని ఒక అభ్యంతరం ఉంది. సరే పెంచుదామని రోజుకు 15 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ఇంకో అధ్యయనంలో, రక్తంలో స్పెర్మిడిన్ పెరగలేదు, అది మారగా వచ్చే స్పెర్మిన్ పెరిగింది. మళ్లీ అదే కథ, మింగింది ఒకటి, రక్తంలో చేరేది ఇంకొకటి.

యూరోలిథిన్: దానిమ్మ తింటే చాలదు, పేగులు కూడా ఒప్పుకోవాలి

దానిమ్మలో యూరోలిథిన్ ఎ ఉండదు. అందులో ఉండే ఎలాజిటానిన్లు అనే పదార్థాలను పేగుల్లోని కొన్ని రకాల బ్యాక్టీరియా యూరోలిథిన్‌గా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా అందరికీ ఉండవు. ఒక అధ్యయనంలో దానిమ్మ రసం తాగించాక కూడా నూటికి నలభై మందిలోనే అది తగినంత తయారైంది. ఒకే గ్లాసు రసం ఇద్దరు తాగితే ఒకరికి అందుతుంది, ఇంకొకరికి అందదు. సగటు ఫలితాలు చూసి మనకు మనం నిర్ణయించుకోవడంలో ఉన్న ఇబ్బంది ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

యూరోలిథిన్ పాడైన మైటోకాండ్రియాను ఏరి పారేయడాన్ని పెంచుతుంది. 2016లో సీ. ఎలిగాన్స్ అనే నులిపురుగు ఆయుష్షు 45 శాతం పెరిగింది. ఆ పురుగు మొత్తం బతికేదే మూడు వారాలు, అది గుర్తుంచుకోవాలి. 2022లో 65 ఏళ్లు దాటిన 66 మందికి నాలుగు నెలల పాటు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు ఇస్తే కండరాల ఓర్పు మెరుగుపడింది. కానీ ట్రయల్ మొదలుపెట్టేముందు ఇదే ముఖ్యమని రాసుకున్న కొలత, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారన్నది, ప్లేసిబోతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా చూపించలేదు. దాన్ని అమ్మే కంపెనీ ప్రకటనలో మొదటి సంగతి ఉంటుంది, విమర్శకుడి వీడియోలో రెండోది ఉంటుంది.

ఒంటికి పట్టేలా చేస్తే సరిపోతుందా

సమస్య ఒంటికి పట్టకపోవడమే అయితే పట్టేలా చేయొచ్చుగా అనిపిస్తుంది. కర్కుమిన్ విషయంలో అదే చేశారు. మిరియాల్లోని పైపెరిన్‌తో కలిపి ఇస్తే రక్తంలో కర్కుమిన్ 2,000 శాతం పెరిగిందని 1998లో చూపించారు. అప్పట్నుంచి చాలా క్యాప్సూళ్లలో రెండూ కలిపే వస్తున్నాయి. కానీ పైపెరిన్ చేసే పనేంటంటే, బయటి రసాయనాలను వదిలించుకునే కాలేయం పనిని మందగింపజేయడం. ఆ ప్రభావం ఒక్క కర్కుమిన్‌తో ఆగదు, వాడుతున్న వేరే మందుల మీద కూడా పడొచ్చు. పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న పది కేసులను అమెరికా పరిశోధకులు 2022లో వివరించారు, వాళ్లలో చాలామందికి ఒకే రకమైన జన్యు లక్షణం ఉంది. గ్రీన్ టీ విషయంలో ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో, కాచుకుని తాగే టీ సాధారణంగా క్షేమమే గానీ, సప్లిమెంట్ల రూపంలో దాని ముఖ్య పదార్థం ఈజీసీజీ రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయానికి ఇబ్బంది సంకేతాలు కనిపిస్తున్నాయని చెప్పింది. సహజమైనది కాబట్టి హాని ఉండదు అనే మాట తిండి మోతాదులో చాలావరకు నిజం, క్యాప్సూల్ మోతాదులో దానికి ఆధారం లేదు.

మనిషిలో ముసలితనాన్ని కొలిచేదెలా

ఎలుక రెండు మూడేళ్లు బతుకుతుంది, ప్రయోగం చేసినాయన ఫలితం చూడగలడు. మనిషి విషయంలో ఎనభై ఏళ్లు ఆగలేం. అందుకే బయోలాజికల్ వయసు చెప్పే కొలతలు వచ్చాయి. డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి, వయసుతో పాటు వాటి అమరిక మారుతుంది. 2013లో స్టీవ్ హోర్వాత్ 353 చోట్ల ఈ గుర్తులను చూసి వయసు అంచనా వేసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు అలాంటి గడియారాలు చాలా ఉన్నాయి.

ఐరోపాలో చేసిన ఒక ట్రయల్‌లో భాగంగా 70 ఏళ్లు దాటిన 777 మంది స్విట్జర్లాండ్ వాసులను మూడేళ్లు పరిశీలించి 2025లో ఫలితాలు ప్రకటించారు. రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 తీసుకున్నవాళ్లలో కొన్ని గడియారాల ప్రకారం ముసలితనం మూడు నాలుగు నెలల మేర తగ్గింది. కొన్ని గడియారాలు, అన్నీ కాదు. కేలరీలు తగ్గించిన ఇంకో ట్రయల్‌లోనూ ఒక గడియారం 2 నుంచి 3 శాతం నెమ్మదించిందంటే, వేరే రెండు గడియారాలు మార్పే లేదన్నాయి. ఒకే మనిషి రక్తానికి ఇన్ని జవాబులు వస్తున్నప్పుడు, నా బయోలాజికల్ వయసు ఆరేళ్లు తగ్గిందని ఎవరైనా పోస్ట్ పెడితే ఏ గడియారంతో కొలిచారని అడగొచ్చు.

మన ఒంట్లో సహజంగా ఉండే, అమైనో ఆమ్లాల కోవకు చెందిన టౌరిన్ విషయం చూడండి. వయసుతో పాటు ఒంట్లో టౌరిన్ తగ్గిపోతుందని, తిరిగి ఇస్తే ఎలుకల ఆయుష్షు 10 నుంచి 12 శాతం పెరుగుతుందని 2023లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎనర్జీ డ్రింకుల డబ్బాల మీద కూడా ఆ పేరుంటుంది కాబట్టి జనానికి వెంటనే ఎక్కింది. రెండేళ్లకే, 2025లో, అదే సైన్స్ పత్రికలో ఎన్ఐఏ శాస్త్రవేత్తలు మనుషులు, కోతులు, ఎలుకల్లో ఒకే మనిషిని, ఒకే జంతువును ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించి చూస్తే టౌరిన్ తగ్గడం లేదని, కొందరిలో పెరుగుతోందని కూడా రాశారు. ఎలుకలు ఎక్కువ బతికాయన్న మొదటి ఫలితాన్ని ఇది కొట్టేయదు. వయసుకు టౌరిన్ తగ్గడమే కారణమన్న వివరణ మాత్రం నిలవదు.

మొత్తం భోజనం చూస్తే ఫలితం ఎందుకు మెరుగ్గా ఉంటుంది

విడి పదార్థాలు ఇలా తడబడుతుంటే, మొత్తం తిండి తీరును చూసిన అధ్యయనాల్లో ఫలితం స్థిరంగానే వస్తోంది. అమెరికాలో 1,05,015 మందిని ముప్పై ఏళ్ల దాకా గమనించిన అధ్యయనం 2025లో వచ్చింది. పెద్ద జబ్బులు లేకుండా, మతి, నడక, మనసు బాగుండి డెబ్బై ఏళ్లకు చేరినవాళ్లు 9.3 శాతమే. పండ్లు, కూరగాయలు, ముడిధాన్యం, గింజలు, పప్పుజాతి ఎక్కువగా తిన్నవాళ్లకు ఆ అవకాశం బాగా ఎక్కువ. ఇదీ గమనించి చెప్పినదే, కాబట్టి బ్రునెక్ లెక్కకున్న చిక్కే దీనికీ ఉంది. ఇందులో ఏ పదార్థం ఎంత పని చేసిందో విడదీయడం సాధ్యం కాదు, బహుశా పదుల కొద్దీ పదార్థాలు తలా కాస్త తోసి ఉంటాయి, బహుశా ఆ తిండి వల్ల పళ్లెంలోంచి తప్పుకున్న వాటి పాత్ర కూడా ఉంటుంది. విడి పదార్థాల పరిశోధకులు దీన్నే తమకు అనుకూలంగా చెప్తారు, ఏది పనిచేస్తోందో తెలిస్తే తినలేనివాళ్లకు మందుగా ఇవ్వొచ్చు కదా అని. ఆ వాదనను తీసిపారేయాల్సిన పనిలేదు, ఎన్నో మందులు మొక్కల్లోంచి వచ్చినవే.

తేల్చే ట్రయల్ ఎందుకు రావడం లేదు

డయాబెటిస్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మూలం కూడా గోట్స్ రూ అనే ఒక మొక్కే. అది ముసలితనం వల్ల వచ్చే జబ్బులన్నిటినీ కలిపి ఆలస్యం చేస్తుందా అని చూడటానికి నీర్ బార్జిలాయ్ అనే శాస్త్రవేత్త టేమ్ అనే ట్రయల్‌ను తలపెట్టాడు. 65 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లు 3,000 మంది, ఆరేళ్లు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థతో చర్చలు 2015లోనే జరిగాయి. ఆ తర్వాత డబ్బు కూడగట్టడానికే ఏళ్లు పట్టింది, ఎందుకంటే మెట్‌ఫార్మిన్ పేటెంట్ ఎప్పుడో అయిపోయింది, మంచి ఫలితం వచ్చినా ఏ కంపెనీకీ పెట్టిన ఖర్చు తిరిగి రాదు. దశాబ్దాలుగా కోట్లమంది వాడుతున్న మందుకే పరిస్థితి ఇది. ద్రాక్ష తొక్కలో, గోధుమ మొలకలో ఉన్న పదార్థం మీద అంతమందితో అన్నేళ్ల ట్రయల్‌కు డబ్బు పెట్టేవాళ్లు దొరకడం ఇంకా కష్టం. సప్లిమెంట్‌గా అమ్ముకోవడానికైతే చాలా దేశాల్లో అలాంటి ట్రయల్ చూపించాల్సిన పనే లేదు.